సంతృప్తి ఎంత అని అడగాలా, ముందు ఏది కావాలి అని అడగాలా? – విశ్వవిద్యాలయ గ్రంథాలయ పాఠకుల సర్వే గురించి

కౌంటర్_నుంచి (చర్చ ప్రారంభం)

మిత్రులకు నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. పాఠకులు మా సేవల పట్ల ఎంత సంతృప్తిగా ఉన్నారో, వచ్చే ఏడాది ఏ పనికి ముందుగా డబ్బు కేటాయించాలో తేల్చడానికి సర్వే చేయమని పైవారు ఆదేశించారు. విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చేలోగా నివేదిక బల్ల మీద ఉండాలన్నదే ఆ ఆదేశంలోని అసలు తొందర.

బీరువాలో పాత ప్రశ్నావళి ఒకటి దొరికింది. అందులో నలభై రెండు ప్రశ్నలు ఉన్నాయి. ప్రతిదానికీ ‘చాలా సంతృప్తి’ మొదలు ‘చాలా అసంతృప్తి’ వరకు ఐదు గడులు. అప్పటి నివేదికలో అన్ని సేవలకూ సగటు నాలుగుకు అటూ ఇటూగానే వచ్చింది. తాగునీటికీ నాలుగే, జర్నల్స్‌కీ నాలుగే, సిబ్బంది ప్రవర్తనకూ నాలుగే. ఆ నివేదిక ఆధారంగా ఒక్క నిర్ణయమైనా తీసుకున్నట్టు ఫైలులో ఎక్కడా కనిపించలేదు. దాన్నే గూగుల్ ఫారంలోకి ఎక్కించి వాట్సాప్ గ్రూపుల్లో వదిలేస్తే పని అయిపోతుందని సహోద్యోగులు అంటున్నారు కానీ, నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి సర్వే చేసినవారు ఎలా చేశారో, ఎక్కడ దెబ్బతిన్నారో చెప్పగలరా?

కార్డు_కేటలాగు

ఆ ప్రశ్నావళిని చూడకుండానే నేను పోల్చుకోగలను. ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటివి నేనూ రెండు తయారుచేశాను. అందులో ఒకదాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఫారాలు కావలసినన్ని రావడం లేదని, నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం వచ్చిన విద్యార్థుల చేత అక్కడే కౌంటరు దగ్గర నింపించాం. సంతకం పెట్టవలసిన గుమాస్తా ఎదురుగా కూర్చుని ఉండగా, ఆ సంతకం కోసమే నిలబడిన కుర్రవాడు ‘సిబ్బంది ప్రవర్తన’ ఎదుట ఏ గడిలో టిక్కు పెడతాడో వేరే చెప్పాలా? వారంలో పెద్ద కట్ట పోగయింది. ఒక ఫారంలో మాత్రం, అన్నిటికీ ‘చాలా సంతృప్తి’ పెట్టిన తరువాత, చివరి ఖాళీలో పెన్సిలుతో సన్నగా ‘రెండేళ్లలో లోపలికి రావడం ఇదే మొదటిసారి’ అని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం తప్ప మిగిలిన కట్టంతా తూకానికి వేయదగినదే.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యులైన రంగనాథన్ గారు 1931లో వెలువరించిన ఐదు సూత్రాలలో నాలుగోది పాఠకుని సమయాన్ని ఆదా చేయమంటుంది. నలభై రెండు ప్రశ్నల ఫారం చేతిలో పెట్టడంతోనే మనం ఆ సూత్రాన్ని మీరుతున్నాం. కాబట్టి ముందుగా ప్రతి ప్రశ్న పక్కనా ‘దీనికి జవాబు చెడ్డగా వస్తే నేను ఏమి మార్చగలను?’ అని రాసుకోండి. ఏమీ తోచని ప్రశ్నను కొట్టేయండి. పన్నెండు మిగిలితే ఎక్కువ.

సగటు_మనిషి

నేను గణాంకశాస్త్రం బోధిస్తాను. నా సభ్యనామం చూసి సగటులంటే నాకు ప్రేమ అనుకోవద్దు. వంద మందీ మూడో గడిలోనే టిక్కు పెట్టినా సగటు మూడే; యాభై మంది ఒకటిలోనూ, యాభై మంది ఐదులోనూ పెట్టినా సగటు మూడే. మొదటి గ్రంథాలయాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. రెండోదాని మీద సగం మంది మండిపడుతున్నారు. ఈ రెండింటికీ ఒకే అంకె వేసి నివేదిక ముగిస్తే దాన్ని బట్టి ఎవరు మాత్రం ఏ నిర్ణయం తీసుకుంటారు? ఏ గడిలో ఎంత మంది ఉన్నారో విడివిడిగా చూపండి. అందులోనూ కింది రెండు గడులలో ఉన్నవారు ఏ కోర్సు, ఏ సంవత్సరం, హాస్టల్లో ఉంటారా, రోజూ ఊరి నుంచి వస్తారా అన్నది ముందు చూడండి.

ఇక ఎంత మందిని అడగాలన్న సంగతి. క్రెజ్సీ, మోర్గాన్ 1970లో ప్రచురించిన పట్టికను మన సిద్ధాంత వ్యాసాలు కళ్లకద్దుకుని వాడుతుంటాయి: మొత్తం పది వేల మంది ఉంటే 370 మంది చాలునని, లక్ష మంది ఉన్నా 384 మందే చాలునని అందులో ఉంటుంది. ఆ 370 మంది పూర్తి జాబితాలోంచి చీటీలు తీసినట్టుగా ఎంపికైనవారై, వారిలో ఎక్కువ మంది జవాబు చెప్పినప్పుడే ఆ అంకెకు విలువ. ద్వారం దగ్గర ఎదురైన మొదటి 370 మంది ఆ 370 మంది కారు. వాట్సాప్ లింకు సంగతి ఇంకా అన్యాయం. అది ఎంత మందికి చేరిందో తెలియదు కాబట్టి, ఎంత శాతం స్పందించారో లెక్క కట్టడానికి హారమే ఉండదు.

పరిశోధక విద్యార్థులు సంఖ్యలో తక్కువ. అందరినీ ఒకే బుట్టలో వేసి చీటీలు తీస్తే వారు పిడికెడు మంది కూడా తగలరు. వారిని వేరే జాబితాగా పెట్టి, దామాషాకు మించి ఎక్కువ మందిని తీసుకోండి. మొత్తం లెక్క కట్టేటప్పుడు తిరిగి దామాషాకు దించవచ్చు.

దూరతీరం

నేను అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. ఇక్కడ పరిశోధక గ్రంథాలయాల సంఘం, టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం కలిసి రూపొందించి 2000లో మొదలుపెట్టిన లిబ్‌క్వాల్ అనే సర్వే ఉంది. వ్యాపార సంస్థల సేవలను కొలవడానికి 1988లో వచ్చిన సర్వ్‌క్వాల్ దానికి మూలం. అందులో 22 వాక్యాలు ఉంటాయి. సిబ్బంది ఆదరణ, సమాచారం చేతికందే తీరు, చోటుగా గ్రంథాలయం అనే మూడు విభాగాల కింద అవి సర్దుకుంటాయి.

ప్రతి వాక్యానికీ పాఠకుడు ఒకటి నుంచి తొమ్మిది వరకు మూడు అంకెలు వేయాలి: ఇంతకంటే తగ్గితే ఒప్పుకోను అనే కనిష్ఠం, నిజంగా కోరుకునేది, ఇప్పుడు అందుతున్నది. నిశ్శబ్దంగా చదువుకునే చోటుకు ఒక విద్యార్థి ఆరు, ఎనిమిది, ఐదు అని వేశాడనుకోండి. అందుతున్నది కనిష్ఠం కన్నా ఒకటి తక్కువ, అంటే అతని ఓపిక దాటిపోయింది. సిబ్బంది తనను ప్రత్యేకంగా పట్టించుకోవడం గురించి అతనే మూడు, ఐదు, ఐదు అని వేస్తే, అక్కడ అతనికి కావలసినదంతా అందినట్టే. రెండు చోట్లా అందుతున్నది ఐదే. మీ పాత ఫారం ఆ ఐదును మాత్రమే అడిగింది.

దీనితో ఇబ్బందీ ఉంది. 22 వాక్యాలకు మూడేసి చొప్పున 66 అంకెలు వేసేసరికి సగం మంది మధ్యలోనే లేచిపోతారు. అందుకే తరువాత ఒక్కొక్కరికి కొన్ని వాక్యాలే చూపే లైట్ రూపం తెచ్చారు. చివర రాసే వ్యాఖ్యలే మా సిబ్బంది అందరికంటే ముందు చదివే భాగం అని కూడా చెప్పాలి.

కౌంటర్_నుంచి

దూరతీరం గారికి కృతజ్ఞతలు. రుసుము కట్టి ఆ సర్వేలో చేరే స్థోమత మాకు లేదు కనుక, ఆ మూడు అంకెల పద్ధతిని మాత్రం ఒక కాగితం మీద తెలుగులో రాసి నలుగురు పీజీ విద్యార్థుల చేత ప్రయత్నం చేయించాను. నలుగురిలో ముగ్గురు కనిష్ఠం దగ్గర తొమ్మిది వేశారు, కోరుకునేది దగ్గరా తొమ్మిదే వేశారు. ‘మొదట్లోనే మేమే తగ్గించుకుంటే మీరు ఇంకా తగ్గిస్తారు కదా సార్’ అన్నాడు ఒకడు. అతను దాన్ని సర్వేగా చూడలేదు, బేరంగా చూశాడు. అతను అన్నది తప్పని కూడా అనలేకపోయాను.

మూడో_బల్ల

నేను గ్రంథపాలకుణ్ణి కాను. రెండేళ్లుగా ఒక విశ్వవిద్యాలయ రీడింగ్ హాలులో గ్రూప్స్‌కు చదువుకుంటున్నాను. ఈ చర్చలో మా ఊసు ఎవరూ ఎత్తలేదు కనుక రాస్తున్నాను. నా పీజీ అయిపోయింది, సభ్యత్వ కార్డు గడువు తీరింది. మీరు సభ్యుల జాబితాలోంచి చీటీలు తీస్తే అందులో నా పేరు ఉండదు. కానీ ఉదయం ఎనిమిదికి తలుపు తీసేసరికి మెట్ల మీద ఉండేవాళ్లలో నాలాంటివాళ్లే ఎక్కువ. మేము మీ పుస్తకాలు తీసుకోము. మా పుస్తకాలు మేమే తెచ్చుకుంటాము. మాకు కావలసింది కుర్చీ, ఫ్యాను, ఫోను ఛార్జింగుకు ప్లగ్గు, శుభ్రమైన మరుగుదొడ్డి. నోటిఫికేషన్ పడిన నెలలో సర్వే చేస్తే సీట్లు చాలవని వస్తుంది. పరీక్ష ముగిసిన వారంలో చేస్తే హాలంతా ఖాళీ అని వస్తుంది.

మమ్మల్ని లెక్కలో చేర్చుకోవాలో వద్దో మీ ఇష్టం. కానీ మేము లేనట్టు రాసిన నివేదికలో సీట్ల కొరత ఎందుకు వచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

సగటు_మనిషి

మూడో_బల్ల గారి మాట చాలా విలువైనది. అందుకే కాగితం మీద అడగడంతో పాటు కళ్లతో లెక్కపెట్టడం కూడా ఉండాలి. ఒక వారం పాటు గంటకోసారి హాలులో తిరిగి, మనుషులు కూర్చున్న కుర్చీలు ఎన్ని, సంచులు కూర్చున్న కుర్చీలు ఎన్ని, ఖాళీవి ఎన్ని అని మూడు గీతల వరుసలు గీసుకోండి. సీట్లు చాలడం లేదన్న ఫిర్యాదుకు మందు కొత్త కుర్చీలా, సంచుల నియమమా అన్నది ఆ రెండో వరుస చెబుతుంది.

అట్టలేని_పుస్తకం

నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తున్నాను. మా గ్రంథాలయం వారు పెట్టిన సర్వేలో ‘తెలుగు పుస్తకాల సేకరణ’ అన్న ప్రశ్నకు నేను ‘అసంతృప్తి’ అని పెట్టాను. మా విభాగంలో చాలా మంది అలాగే పెట్టారు. దానితో తెలుగు పుస్తకాలు కొనడానికి కొంత నిధి కేటాయించారు; సంతోషమే. ఆరు నెలల తరువాత, వేరే పని మీద స్టాక్ గదిలో తిరుగుతుంటే, నేను లేదనుకున్న శాసనాల సంపుటం దుమ్ము పట్టి నా ఎదుటే కనిపించింది. ఓపాక్‌లో, అంటే గ్రంథాలయ కంప్యూటర్ కేటలాగులో, నేను తెలుగు లిపిలో పేరు కొట్టి వెతికాను. రికార్డు మాత్రం రోమన్ లిపిలో, అదీ దీర్ఘాలూ ఒత్తులూ ఎవరికి తోచినట్టు వారు రాసిన వర్ణక్రమంలో ఉంది. వెతికిన ప్రతిసారీ ‘ఫలితాలు లేవు’ అని వచ్చేది. పుస్తకమే లేదని నేను తీర్మానించుకున్నాను.

నా అసంతృప్తి నిజమే, కానీ దానికి నేను చెప్పిన కారణం తప్పు. కొత్త పుస్తకాలు కొన్నా అవీ అదే రోమన్ లిపిలో ఎక్కాయి కనుక, అవీ నాకు దొరకలేదు. సర్వేలో నన్ను ‘సేకరణ ఎలా ఉంది’ అని కాక, ‘చివరిసారి మీరు వెతికిన పుస్తకం ఏది, దొరికిందా, దొరకకపోతే ఏం చేశారు’ అని అడిగి ఉంటే ఈ సంగతి మొదటే బయటపడేది.

పుటల_మధ్య

అట్టలేని_పుస్తకం గారు చెప్పినది మా దగ్గరా జరిగింది. కోహా గానీ, సోల్ గానీ, ఏ గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా, ఫలితం రాని వెతుకులాటల జాబితాను ఏదో ఒక దారిలో బయటికి తీసి ఒక నెల చూడండి. ఏ సర్వే చెప్పలేని సంగతులు అందులో ఉంటాయి.

ప్రశ్నల భాష గురించి ఒక మాట. మేము ‘ఎలక్ట్రానిక్ వనరుల పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారా?’ అని అడిగాం; ఆన్‌లైన్ జర్నల్స్, ఈ-పుస్తకాలు మా ఉద్దేశం. డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె ‘సంతృప్తి లేదు’ అని పెట్టి, పక్కన ‘రెండు ఫ్యాన్లు తిరగడం లేదు’ అని రాసింది. మొదట నవ్వుకున్నాం. తరువాత పక్కన కూర్చోబెట్టుకుని పది మంది చేత ప్రశ్నలు పైకి చదివించి, వాటిని వారు ఎలా అర్థం చేసుకున్నారో చెప్పించాం. ‘రిఫరెన్స్ సేవ’ అంటే కావలసిన సమాచారం వెతకడంలో సిబ్బంది చేసే సాయం; అది పుస్తకం ఇంటికి ఇవ్వకపోవడం అని సగానికి పైగా అన్నారు. ప్రశ్నావళి అచ్చుకు వెళ్లే ముందు ఈ ఒక్క పూట పని చేయకపోతే మిగిలిన నెల పని వృథా అవుతుంది.

మన చేతిలో లేనివాటి గురించి అడిగి ఆశ పెట్టడం కూడా మానాలి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ముప్పై ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు పదమూడు వేలు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు కేంద్రం చందాతోనే అందుతున్నాయి. ఇప్పుడు ‘ఇంకా ఏ జర్నల్స్ కావాలి’ అన్న ప్రశ్న కన్నా, ‘హాస్టల్ గది నుంచి, ఇంటి నుంచి అవి తెరుచుకుంటున్నాయా’ అన్నదే మనం ఏదో చేయగలిగిన ప్రశ్న. న్యాక్ విద్యార్థి సంతృప్తి సర్వేను చూపించి ఇది అవసరం లేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. అది ప్రధానంగా బోధనాభ్యసనాల గురించి అడిగేది, గ్రంథాలయానికి దానిలో నుంచి దక్కేది దాదాపు ఏమీ లేదు.

కార్డు_కేటలాగు

ప్రాధాన్యాల సంగతి ఇంకా తేలలేదు. ‘ఇది మీకు ఎంత ముఖ్యం?’ అని అడిగితే అన్నీ చాలా ముఖ్యమే అంటారు. మీ బేరగాడు కనిష్ఠానికే తొమ్మిది వేసినట్టు. అష్టాచెమ్మా ఆడినవారికి చింతగింజల సంగతి కొత్త కాదు. పల్లెల్లో జనం చేతనే వారి అవసరాలు తేల్పించేవారు గింజలు, గులకరాళ్లు పంచి పెట్టించడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఎనిమిది చిట్టీల మీద మీరు నిజంగా చేయగలిగిన ఎనిమిది పనులు రాసి బల్ల మీద పరవండి. పాఠకుడి చేతిలో పది గింజలు పెట్టి, ఏ పనికి ఎన్ని పెడతారో పెట్టమనండి. పదకొండోది ఇవ్వవద్దు. ఒక చిట్టీ మీది గింజను తీసి ఇంకో చిట్టీ మీద పెట్టడానికి వాళ్లు పడే తటపటాయింపును కూడా చూడండి, ‘ఎందుకు మార్చారు?’ అని అప్పుడే అడగండి.

సగటు_మనిషి

గింజలు బాగున్నాయి, ఒక హెచ్చరికతో. చిట్టీల వరుస ప్రతిసారీ కలిపి పరవాలి, లేకపోతే చేతికి దగ్గరగా ఉన్నదానికే గింజలు పడతాయి. స్నేహితులు పక్కన ఉండగా పెట్టించవద్దు. వర్గాల వారీగా వేరువేరుగా లెక్కపెట్టండి. అందరి గింజలూ ఒకే కుప్ప పోశారంటే మళ్లీ సగటు దగ్గరికే వస్తాం.

కౌంటర్_నుంచి (ఐదు వారాల తరువాత)

అందరికీ ధన్యవాదాలు, మీ సలహాలు చాలా వరకు పాటించాను. పదకొండు ప్రశ్నల కాగితం, పేరూ హాల్‌టికెట్ నంబరూ అడగకుండా. జాబితాల నుంచి తీసిన చీటీలు. తరగతి గదులకు వెళ్లి, గ్రంథాలయానికి ఎన్నడూ రానివారిని కూడా అడగడం. హాలులో గంటగంటకూ కుర్చీల లెక్క. కార్డు లేని పోటీ పరీక్షల పాఠకులకు విడిగా ఒక కట్ట. గింజల పనికి రెండు పూటలు పట్టింది.

కుర్చీల లెక్కలో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు సంచుల వరుస మనుషుల వరుసను మించిపోయింది. భోజనానికి వెళ్లేటప్పుడు సంచి తీసి అరలో పెట్టే ఏర్పాటు చేస్తే చాలునని మా గ్రంథాలయ కమిటీకి రాశాను. కొత్త బల్లల ప్రతిపాదన పక్కన పెట్టాం. తరగతి గదుల్లో నాకు దొరికిన జవాబు ఇంకొకటి: రానివారిలో చాలా మంది అసంతృప్తితో మానినవారు కారు, కార్డు ఎలా తీసుకోవాలో తెలియనివారు.

గింజలలో అబ్బాయిల చిట్టీల మీద ‘రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంచడం’ అన్నదానికి గుప్పెళ్లు పడ్డాయి. అమ్మాయిలలో దానికి దాదాపు ఏమీ పడలేదు. వారి గింజలు పుస్తకాలు హాస్టలుకు ఎక్కువ రోజులు ఇవ్వడం మీదా, స్కానింగ్ మీదా పడ్డాయి. కాబట్టి వేళల పొడిగింపు ప్రధానంగా అబ్బాయిల కోరిక అని నివేదికలో రాశాను. ద్వారం దగ్గర బోర్డు మీద మూడు వరుసలు అంటించాను: మీరు అడిగినవి, మేము చేసినవి, చేయలేనివి, ఎందుకో సహా. వచ్చే నెల నుంచి రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంటుంది.

కార్డు_కేటలాగు

‘చేయలేనివి’ అన్న వరుస పెట్టినందుకు మీకు నా అభినందనలు. నా సర్వీసులో ఆ వరుస రాయడానికి ఎప్పుడూ ధైర్యం చేయలేదు.

హాస్టల్_కిటికీ

నమస్కారం సార్. మీరు రాసిన వివరాలను బట్టి ఇది మా విశ్వవిద్యాలయమే అనుకుంటున్నాను; కాకపోయినా ఈ మాట వర్తిస్తుంది. గింజలు పెట్టినవారిలో నేనూ ఒకదాన్ని. రాత్రి తొమ్మిది చిట్టీ మీద నేను మొదట నాలుగు గింజలు పెట్టి, తరువాత తీసేశాను. అమ్మాయిల హాస్టల్ గేటు ఎనిమిదిన్నరకు మూస్తారు. గ్రంథాలయం నుంచి నడిచి వెళ్లడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మేము ఎనిమిది దాటాక ఉండలేని చోటుకు గింజలు పెట్టి ఏమి ప్రయోజనం అని, ఇంటికి ఇచ్చే పుస్తకాల మీదికి మార్చాను. నా ముందు పెట్టిన అమ్మాయి కూడా అదే చేసింది. మాకు అక్కర లేదని కాదు సార్. ఎందుకు మార్చావని అబ్బాయిలను అడుగుతుంటే విన్నాను. మా పూట బల్ల దగ్గర రద్దీగా ఉంది, మమ్మల్ని అడగలేదు.

కౌంటర్_నుంచి

అమ్మా, మీరు చెప్పినది నిజమే. ఆ పూట జనం ఎక్కువై, ‘ఎందుకు మార్చారు’ అన్న ప్రశ్నను నేనే వదిలేశాను. నివేదికలో ఆ వాక్యాన్ని ఈ రోజు కొట్టేశాను. మీరు రాసినదాన్ని, పేరు లేకుండా, ముఖ్య వార్డెన్ గారికి పంపడానికి అనుమతిస్తారా? గేటు వేళ మార్చడమా, తొమ్మిదికి గ్రంథాలయం నుంచి హాస్టలుకు బస్సు నడపడమా అన్నది వారే తేల్చాలి. అంతవరకు బోర్డు మీద మూడో వరుసలో ‘అమ్మాయిలకు తొమ్మిది వరకు’ అని చేర్చి, ఎందుకన్న చోట ‘ఎనిమిదిన్నర గేటు’ అని రాశాను.

హాస్టల్_కిటికీ

పంపండి సార్. ఇరవై నిమిషాల దారిలో మధ్యన రెండు దీపాలు వెలగడం లేదని కూడా చేర్చండి.